మాస్టారి జవాబులు: వాల్తేరు మనదా, వాళ్ళదా?

పోయిన నెల ఈ పేజీలో ఒకాయన "ఆంధ్రా యూనివర్సిటీ ఎప్పుడు పుట్టింది మాస్టారూ" అని అడిగితే "1926 ఏప్రిల్ 26న, బెజవాడలో" అని ఒక్క ముక్కలో చెప్పి ఊరుకున్నాను. ఊరుకోనిచ్చారా మీరు! బరంపురం, పర్లాకిమిడి, జయపురం, రాయగడ, గుణుపురం, అన్ని చోట్ల నుంచీ ఉత్తరాలే. బెజవాడలో ఎందుకు పుడుతుందండీ, వైజాగ్ వాల్తేరులో కదా అని నన్ను దిద్దినవాళ్ళు కొందరు, మా తాత అక్కడే చదివాడని మురిసిపోయినవాళ్ళు కొందరు. "మనం ఒడిశాలో ఉన్నాం, అక్కడి యూనివర్సిటీ గొడవ మనకెందుకు" అని కోప్పడ్డ ఆయన కూడా ఒకరున్నారు. ఆయనకి విడిగా జవాబివ్వటం లేదు, కింద రాసిందంతా ఆయన కోసమే అనుకోవచ్చు.

ప్రశ్న: మా తాతగారు బరంపురం దాటి ఎక్కడా చదవలేదని మా నాయనమ్మ చెప్పేది. మొన్న అటక మీది ట్రంకు పెట్టె దులుపుతుంటే ఆయన ఇంటర్మీడియట్ సర్టిఫికెట్ దొరికింది, 1938 నాటిది. దాని మీద ఆంధ్రా యూనివర్సిటీ అని ఉంది. మా తమ్ముడు తాత వైజాగ్‌లో చదివి దాచిపెట్టాడంటున్నాడు. ఎవరి మాట నిజం?
– ఒక పాఠకురాలు, బరంపురం

జవాబు: నాయనమ్మ మాటే నిజమమ్మా. మీ తమ్ముడికి చెప్పండి, తాత ఏమీ దాచలేదు.

అప్పట్లో ఇంటర్మీడియట్ ఇప్పటిలా బోర్డు పరీక్ష కాదు, యూనివర్సిటీ పరీక్ష. కాలేజీ మీ ఊళ్ళోనే ఉంటుంది, క్లాసులు అక్కడే, కానీ పేపరు పంపేది, మార్కులు వేసేది, సర్టిఫికెట్ మీద ముద్ర కొట్టేది ఆ కాలేజీ ఏ యూనివర్సిటీకి అనుబంధంగా ఉంటే ఆ యూనివర్సిటీ. బరంపురంలో ఉన్నది ఖల్లికోట కాలేజీ. 1856లో స్కూలుగా మొదలై, 1878లో కాలేజీ అయ్యి, ఖల్లికోట రాజాగారి విరాళంతో ఆ పేరు పెట్టుకుంది. గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది కాబట్టి మొదట్లో ఆ కాలేజీ మద్రాసు యూనివర్సిటీ కింద నడిచింది. 1926లో ఆంధ్రా యూనివర్సిటీ వచ్చాక గంజాం, విశాఖపట్నం జిల్లాల కాలేజీలన్నీ దాని కిందికి పోయాయి. ఖల్లికోట కాలేజీ, పర్లాకిమిడి రాజావారి కాలేజీ, రెండూ అలా ఆంధ్రా ముద్ర కిందికొచ్చినవే.

ఇక అసలు తిరకాసు ఇక్కడ ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే రాష్ట్రమయ్యింది, బరంపురం ఆ రాష్ట్రంలోకి వెళ్ళింది. మీ తాతగారు పరీక్ష రాసింది ఆ తర్వాత రెండేళ్ళకి. అంటే ఊరు ఒరిస్సాది, పరీక్ష ఆంధ్రాది! ఎందుకంటే కొత్త రాష్ట్రానికి సొంత యూనివర్సిటీ లేదు. కటక్ రేవెన్షా కాలేజీవాళ్ళు పాట్నా యూనివర్సిటీ పరీక్షలు రాసేవాళ్ళు, మనవైపువాళ్ళు ఆంధ్రా పరీక్షలు రాసేవాళ్ళు. ఒకే రాష్ట్రంలో ఉత్తరం పిల్లలు గంగ ఒడ్డు వైపు, దక్షిణం పిల్లలు సముద్రం ఒడ్డు వైపు చూస్తూ కూర్చున్నారన్నమాట. 1943 నవంబర్ 27న ఉత్కళ యూనివర్సిటీ పెట్టేదాకా ఇదే తంతు. మీ తాతగారు ఇంకో ఆరేళ్ళు ఆగి చదివి ఉంటే ఆ కాగితం మీద ఉత్కళ పేరుండేది, మీ తమ్ముడికి అనుమానం వచ్చేది కాదు.

ఇంకొక్క మాట. ఖల్లికోట కాలేజీలో ఆ రోజుల్లో ఇంటర్మీడియట్ వరకే ఉండేది. బీఏ చెయ్యాలంటే ఊరు దాటక తప్పేది కాదు, విజయనగరం మహారాజా కాలేజీకో, వాల్తేరుకో, కటక్‌కో రైలెక్కాల్సిందే. కాబట్టి ఆ ట్రంకు పెట్టెలో బీఏ సర్టిఫికెట్ కూడా దొరికిందనుకోండి, అప్పుడు నాయనమ్మ మాటని కాస్త అనుమానించాల్సి వస్తుంది.

ప్రశ్న: ఆంధ్రా యూనివర్సిటీకి మా జయపురం రాజుగారు డబ్బిచ్చారని ఇక్కడ పెద్దలు చెప్తారు. ఒడిశా రాజు ఆంధ్రా యూనివర్సిటీకి ఎందుకిస్తాడండీ? ఇది మనవాళ్ళు గొప్పకి చెప్పుకునే కబురేనా?
– ఒక పాఠకుడు, జయపురం

జవాబు: కబురు కాదు నాయనా, అక్కడ బోర్డు మీద రాసి ఉన్న సంగతి. వాల్తేరు క్యాంపస్‌లో సైన్స్ కాలేజీ అసలు పేరు జయపూర్ విక్రమ దేవ్ కాలేజ్ ఆఫ్ సైన్స్ అండ్ టెక్నాలజీ. 1932లో మొదలయ్యింది. పిల్లలు పొట్టిగా జేవీడీ అంటారు, ఆ 'జే' అంటే మీ ఊరే అని అక్కడ చదివేవాళ్ళలో ఎంతమందికి తెలుసో మరి.

మీ ప్రశ్నలో పొరపాటు ఒకటే, "ఒడిశా రాజు" అన్నారు. 1932లో జయపురం ఒరిస్సాలో లేదు. విశాఖపట్నం జిల్లాలో ఉంది! జయపురం జమీందారీ, కోరాపుట్ కొండలు అన్నీ మద్రాసు ప్రెసిడెన్సీ విశాఖపట్నం జిల్లా కిందే ఉండేవి, 1936లో గీత గీసినప్పుడు ఒరిస్సాలోకి పోయాయి. అంటే మహారాజా విక్రమ దేవ వర్మ తన జిల్లాలో తన యూనివర్సిటీకి ఇచ్చుకున్నాడు. ఆయన పుట్టింది కూడా విశాఖపట్నంలోనే, 1869లో. తెలుగులోనూ ఒడియాలోనూ సంస్కృతంలోనూ రాసినవాడు. 1931లో గద్దెకొచ్చాడు, 1951లో పోయాడు. జయపురం సంస్థానం యూనివర్సిటీకి ఏటా లక్ష రూపాయలు ఇచ్చిందని చెప్తారు. ఆ కాలంలో లక్ష అంటే మాటలా! వైజాగ్ బీచ్ రోడ్డులో హవా మహల్ అని ఒక పాత భవనం కనిపిస్తుంది చూడండి, అది కూడా జయపురం రాజులదే, సముద్రం గాలి కోసం కట్టుకున్నది.

జయపురంలో 1947లో పెట్టిన విక్రమ దేవ్ కాలేజీ కూడా ఈమధ్యే యూనివర్సిటీ అయ్యింది. ఒక్క మనిషి పేరు మీద సరిహద్దుకి అటొకటి, ఇటొకటి. ఒడిశావాళ్ళు ఆయన్ని ఒడియా రాజంటారు, ఆంధ్రావాళ్ళు తెలుగు కవంటారు. ఆయన బతికుంటే రెండూ ఒప్పుకునేవాడని నా అనుమానం.

ప్రశ్న: బెజవాడలో పుట్టిన యూనివర్సిటీ వైజాగ్ ఎందుకు పోయింది?
– ఒక డిగ్రీ విద్యార్థి, గుణుపురం

జవాబు: యూనివర్సిటీ మా ఊళ్ళో అంటే మా ఊళ్ళో అని పెద్ద రగడే నడిచింది బాబూ. పత్రికల్లో, సభల్లో, శాసనమండలిలో అదే గోల. చివరికి 1930లో వాల్తేరు గెలిచింది. అక్కడ ఎత్తు మీద విశాలమైన స్థలం ఉంది, కింద సముద్రం ఉంది, పక్కనే అంతకుముందే వచ్చిన మెడికల్ కాలేజీ ఉంది, జయపురం డబ్బు సంగతి పైన చెప్పాను. మొదటి వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డిగారు, మనకి సి.ఆర్. రెడ్డిగా తెలిసినాయన. శాసనోల్లంఘన ఉద్యమాన్ని ఆంగ్ల ప్రభుత్వం అణిచిన తీరు నచ్చక పదవి వదిలేశారు. ఆయన వెనక 1931లో సర్వేపల్లి రాధాకృష్ణన్ వచ్చారు, 1936 దాకా ఉండి ఆక్స్‌ఫర్డ్ వెళ్ళారు, మళ్ళీ రెడ్డిగారే వచ్చి 1949 దాకా నడిపారు. రవీంద్రనాథ్ టాగోర్ 1933లో వచ్చి ఉపన్యాసాలిచ్చింది రాధాకృష్ణన్ ఉన్నప్పుడే. కెమికల్ ఇంజనీరింగ్ చదువు కూడా అదే ఏడు మొదలయ్యింది. దేశంలో చాలా చోట్ల ఆ మాటే తెలియని రోజులవి.

రాధాకృష్ణన్ పేరొచ్చింది కాబట్టి చెప్తున్నాను. ఉత్కళ యూనివర్సిటీ కటక్ రేవెన్షా కాలేజీ గదుల్లో ఏళ్ళ తరబడి సర్దుకుని, భువనేశ్వర్‌లో సొంత క్యాంపస్‌కి మారినప్పుడు, 1963 జనవరి 2న ఆ క్యాంపస్‌ని ప్రారంభించింది కూడా ఆయనే. అప్పటికి రాష్ట్రపతి.

ప్రశ్న: నేను ఎమ్మెస్సీ చెయ్యాలనుకుంటున్నాను. వైజాగ్‌లో నార్త్ క్యాంపస్, సౌత్ క్యాంపస్ అంటారు, అవి వేరే వేరే యూనివర్సిటీలా? ఒడిశా పిల్లలకి సీటు వస్తుందా? ఇంట్లో అంత దూరం పంపం అంటున్నారు, నాకు టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: ఒకటే యూనివర్సిటీ అమ్మడూ, నాలుగొందల ఎకరాలకి పైగా ఉన్న స్థలం, మధ్యలో ఊరు దూరింది. సౌత్ క్యాంపస్ పాతది. ఆర్ట్స్, సైన్స్ కాలేజీలు, ఆఫీసులు అన్నీ అటే. నీ ఎమ్మెస్సీ క్లాసులూ అటే. నార్త్ క్యాంపస్ అంటే ఇంజనీరింగ్ కాలేజీ. ఆటోవాడికి "యూనివర్సిటీ" అంటే చాలదు, "అవుట్ గేట్" అనో "ఇన్ గేట్" అనో చెప్పాలి, లేకపోతే ఎక్కడో దింపేసి పోతాడు, లగేజీతో నడుచుకోవాలి. నేనొకసారి అలా నడిచాను, మే నెలలో.

లైబ్రరీకి వి.ఎస్. కృష్ణగారి పేరు పెట్టారు. 1949 నుంచి 1961 దాకా వైస్ ఛాన్సలర్‌గా ఉన్నాయన. నువ్వు సైన్స్ పిల్లవి కాబట్టి చెప్తున్నా, ఫిజిక్స్‌లో భగవంతం, కెమిస్ట్రీలో శేషాద్రి, జియాలజీలో మహదేవన్ పాఠాలు చెప్పిన చోటది. గణాంకశాస్త్రంలో ప్రపంచమంతా తెలిసిన సి.ఆర్. రావు లెక్కల్లో ఎమ్మే చేసిందీ అక్కడే.

ఇక సీటు సంగతి. ఇక్కడే మనవాళ్ళు బోల్తా పడతారు. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో "ఏయూ ఏరియా" అని ఒక లెక్క వచ్చింది, శ్రీకాకుళం నుంచి ప్రకాశం దాకా. ఆ ఏరియా పిల్లలకి 85 శాతం సీట్లు, మిగతా 15 శాతానికి ఎవరు అర్హులో దానికి వేరే షరతులు. పర్లాకిమిడి నుంచి చూస్తే ఏటి అవతల పాతపట్నం కనిపిస్తుంది, ఆ ఊరి పిల్ల లోకల్, నువ్వు నాన్-లోకల్. ఒకప్పుడు మీ ఊరి కాలేజీకి ముద్ర కొట్టిన యూనివర్సిటీయే ఇది, అయినా సరే. న్యాయమా అంటే నా దగ్గర జవాబు లేదు, రూలు మాత్రం అది. మీ అమ్మగారో నాన్నగారో ఆంధ్రాలో ఎక్కువ కాలం ఉన్నారా, ఉద్యోగం చేశారా, అవన్నీ లెక్కలోకి రావచ్చు. ఈ ఏడు నోటిఫికేషన్ తెచ్చుకుని, ప్రవేశ పరీక్ష దరఖాస్తు నింపే ముందే, వేరే రాష్ట్రం వాళ్ళ గురించి ఏం రాశారో అక్షరం అక్షరం చదువు.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, మా చెల్లెలి కూతురికి కొన్నేళ్ళ క్రితం ఒక ఆఫీసులో గుమాస్తా "మీ బరంపురం తహసీల్దారు కాగితం చాలు, తెచ్చేయండి" అన్నాడు. తెచ్చాం. తీరా కౌన్సెలింగ్ రోజున అదే బల్ల దగ్గర ఇంకో గుమాస్తా "ఇది చెల్లదండీ" అన్నాడు. ఆ పిల్ల రైల్లో తిరిగొచ్చేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. నోటిమాట నమ్మొద్దు, కాగితం మీద ఉన్నదే నమ్ము.

దూరం అంటున్నారు కాబట్టి, ఇంకో దారి కూడా చూసుకో. శ్రీకాకుళం దగ్గర ఎచ్చెర్లలో ఒకప్పటి ఆంధ్రా యూనివర్సిటీ పీజీ సెంటరే 2008లో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ విశ్వవిద్యాలయం అయ్యింది. ఆంధ్రా యూనివర్సిటీకి ఇలాంటి పిల్లలు చాలామంది ఉన్నారు. గుంటూరు సెంటరు 1976లో నాగార్జున యూనివర్సిటీ అయ్యింది, రాజమండ్రిలో 2006లో నన్నయ యూనివర్సిటీ వచ్చింది. కూతుళ్ళకి పెళ్ళి చేసి ఒక్కొక్క జిల్లా కట్నంగా ఇచ్చినట్టు, ఇచ్చుకుంటూ పోయింది తల్లి యూనివర్సిటీ. లోకల్ రూలు ఎచ్చెర్లలోనూ ఉంటుంది, అదీ చూసుకో. లేదంటే మన బరంపురం యూనివర్సిటీ, అదే భంజ విహార్, ఉండనే ఉంది, అక్కడ నువ్వే లోకల్, వైజాగ్ వాళ్ళు నాన్-లోకల్.

ప్రశ్న: భంజ విహార్ అన్నారు కదా, బరంపురం యూనివర్సిటీకి ఆ పేరేమిటి?
– ఒక పాఠకుడు, ఛత్రపురం

జవాబు: గంజాం జిల్లా ఘుముసర కవి ఉపేంద్ర భంజ పేరు. ఒడియా వాళ్ళకి ఆయన కవి సమ్రాట్టు, మనకి శ్రీనాథుడు ఎలాగో అలాగ అనుకోండి. బరంపురం యూనివర్సిటీ 1967 జనవరి 2న పుట్టింది, దానికి ఒక్కరోజు ముందు సంబల్పూర్ యూనివర్సిటీ. ఒడిశాలో యూనివర్సిటీకి ఒక పేరు, క్యాంపస్‌కి ఇంకో ముద్దు పేరు పెట్టే అలవాటుంది, ఉత్కళది వాణీ విహార్, సంబల్పూర్‌ది జ్యోతి విహార్, మనది భంజ విహార్. మనవాళ్ళకి ఆ సరదా లేదు, నార్త్, సౌత్ అంటూ దిక్కులు చూపించి ఊరుకున్నారు.

ప్రశ్న: మా పెద్దనాన్నగారు వాల్తేరులో చేరి గుంటూరులో చదువు పూర్తి చేశారట. యూనివర్సిటీ మారారా, ఫెయిలయ్యి మార్చారా? ఆయన్ని అడిగే ధైర్యం మాకెవరికీ ఎప్పుడూ లేకపోయింది.
– ఒక పాఠకుడు, రాయగడ

జవాబు: పెద్దనాన్నగారి పరువు కాపాడుతున్నాను, ఆయన మారలేదు, యూనివర్సిటీయే మారింది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద బాంబులు వేశాయి, అదే రోజు కాకినాడ మీద కూడా. ఊళ్ళకి ఊళ్ళు ఖాళీ అయ్యాయి, జనం బళ్ళ మీద సామాను వేసుకుని పల్లెలకి పోయారు. సముద్రం ఒడ్డున, ఎత్తు మీద, దూరానికే కనిపించే ఆ క్యాంపస్‌లో పిల్లల్ని ఉంచి చదువు చెప్పే పరిస్థితి లేదు. యూనివర్సిటీ మొత్తం మూటాముల్లె కట్టుకుని గుంటూరు పోయింది, యుద్ధం అయ్యాక తిరిగొచ్చింది. పుస్తకాలు, గాజు సీసాలు, త్రాసులు, పరికరాలు, అన్నీ ఆ కాలం రైళ్ళలో మోసుకెళ్ళి మళ్ళీ మోసుకొచ్చారంటే ఆ పని చేసిన అటెండర్లకి దండం పెట్టాలి. మీ పెద్దనాన్నగారు ఆ సమయంలో ఉన్నవారైతే బోలెడు కబుర్లుండేవి. అడగాల్సింది.

ప్రశ్న: ఆంధ్రా యూనివర్సిటీ ముద్రలో పాములెందుకు?
– ఎనిమిదో తరగతి విద్యార్థి, బరంపురం

జవాబు: జ్ఞానానికి కాపలా. పాతరకి పాము కాపలా ఉంటుందని మీ అమ్మమ్మ చెప్పలేదా? కింద రాసిన మాట "తేజస్వి నావధీతమస్తు", ఉపనిషత్తులోది, మన చదువు వెలుగుతూ ఉండాలని అర్థం. ముద్ర గీసినాయన కౌతా రామమోహన శాస్త్రి.

ప్రశ్న: గిడుగు రామమూర్తి పంతులుగారు మా ఊరివారే కదా, ఆంధ్రా యూనివర్సిటీలో పనిచేశారా?
– ఒక పాఠకుడు, పర్లాకిమిడి

జవాబు: పనిచెయ్యలేదు. ఆయన మీ ఊరి రాజావారి స్కూల్లో పంతులు, తర్వాత కాలేజీలో కూడా. సవరల భాష నేర్చుకుని దానికి పుస్తకాలు రాసింది మీ ఊళ్ళో ఉండే. యూనివర్సిటీ ఆయనకి కళాప్రపూర్ణ బిరుదిచ్చి గౌరవించింది. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో కలుస్తుంటే తట్టుకోలేక అన్నేళ్ళ ఇల్లూ ఊరూ వదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు, అప్పటికి డెబ్భై దాటాయి. 1940లో పోయారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటాం. మీ ఊళ్ళో చేస్తున్నారా? చేస్తుంటే ఒక ఫొటో పంపండి, వేస్తాం.

ప్రశ్న: మళ్ళీ నేనే మాస్టారూ, ట్రంకు పెట్టె పాఠకురాలిని. ఫోన్‌లో సంగతి చెప్పారు, సంతోషం. ఆ సర్టిఫికెట్ మడతల దగ్గర చిరిగిపోతోంది. లామినేషన్ చేయించెయ్యమంటారా?
– అదే పాఠకురాలు, బరంపురం

జవాబు: అయ్యో వద్దమ్మా! ఆ వేడికి పాత కాగితం పాడవుతుంది, ఒకసారి అతికితే మళ్ళీ ఊడదు. ముందు మంచి వెలుతుర్లో రెండువైపులా ఫొటో తీసి పెట్టుకోండి. తర్వాత మడతలు మెల్లగా విప్పి, ఆరబెట్టిన శుభ్రమైన తెల్ల కాగితాల మధ్య పరిచి, బరువైన పుస్తకం కింద పెట్టండి. సెల్లో టేపు అంటించొద్దు, అది నాలుగేళ్ళకి పచ్చబడి అక్షరాల్ని తినేస్తుంది. నాఫ్తలీన్ ఉండలు పెట్టెలో వెయ్యండి గానీ కాగితానికి తగలకుండా చూడండి. తమ్ముడికి మాత్రం ఒరిజినల్ ఇవ్వకండి.